ఉమ్మి కలిపిన స్ఫటికం

ముప్పై నాలుగో రోజున డాక్టర్ హైమావతి ఏడో బీకరు మీద కాగితం విప్పి లోపలికి చూసింది. అడుగున బొటనవేలంత స్ఫటికం, కడిగిన అద్దంలా ఉంది. మిగతా ఎనిమిది బీకర్లలో పెరిగినవి మసకగా ఉన్నాయి, రెండు పగిలాయి కూడా. వింతేమిటంటే, ఆ ఎనిమిదింటిలో ఆవిడ తూచి తూచి అమైనో ఆమ్లాలు కలిపింది. ఏడోదాంట్లో ఏమీ కలపలేదు.

సంగతి అర్థం కావాలంటే కాస్త సైన్సు చెప్పుకోవాలి. కేడీపీ అనే ఉప్పును నీళ్లలో కరిగించి, కదపకుండా నెలరోజులు వదిలేస్తే స్ఫటికం పెరుగుతుంది. ఇది నాన్‌లీనియర్ స్ఫటికం. అంటే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లేజర్ ఒకవైపు నుంచి పంపితే రెండోవైపు నుంచి ఆకుపచ్చ వెలుగు వస్తుంది. కానీ పంపినదాంట్లో అలా మారేది కొంచెమే. అది పెరగాలంటే స్ఫటికం తయారయ్యేటప్పుడే ఇంకో పదార్థం చిటికెడు కలపాలి. దాన్నే డోపింగ్ అంటారు. సరైనది సరైన పాళ్లలో పడితే నీళ్లలోని ఇనుము, రాగి లాంటి మలినాలను అది పట్టేసుకుంటుంది, స్ఫటికం తేటగా వస్తుంది. పాళ్లు మించితే అదే ఇంకో మలినమై కూర్చుంటుంది.

హైమావతి లేజర్ వేసింది. గోడ మీద పడ్డ వెలుగు మామూలు స్ఫటికం ఇచ్చేదానికి తొమ్మిది రెట్లు. బీకర్లో మిగిలిన ద్రవాన్ని పరీక్షకు పంపితే సాయంత్రానికి రిపోర్టు వచ్చింది: పొగాకు, సున్నం, మనిషి ఉమ్మి.

ఛీ. రాయడానికే నాకు అసహ్యంగా ఉంది, చదువుతున్న మీకెలా ఉందో.

ఒంగోలులోని ఆ ల్యాబులో ఖైనీ నమిలేది అటెండరు కోటిలింగం ఒక్కడే. ఆవిడ పిలిచి అడిగింది.

"ఏమయ్యా, ఇది నీ పనేనా?"

"బీకర్లు తుడుస్తుంటే కాగితం ఊడిందమ్మా. అప్పుడే దగ్గొచ్చింది. నోట్లో ఉన్నదంతా అందులో పడింది. మళ్లీ కాగితం కట్టేశా."

"నెల నుంచీ నాతో చెప్పకుండా ఉన్నావా?"

"ఉద్యోగం పోద్దని భయమేసిందమ్మా."

ఉద్యోగం పోలేదు. పోయుంటే బాగుండేది.

హైమావతి తన ఉమ్మి కలిపి చూసింది, ఫలితం లేదు. నీళ్లలో ఖైనీ నానబెట్టి కలిపింది, అదీ లేదు. చివరికి తేలిందేమిటంటే, పొగాకూ సున్నమూ చెంపలో కూర్చుని లోపలి చర్మాన్ని ఒరిస్తే, ఆ ఒరుసుకుపోయిన చర్మం ఒక ప్రొటీన్ వదులుతుంది. డోపింగ్ చేసేది అదే. కృత్రిమంగా చేద్దామని ఎంత ప్రయత్నించినా కుదరలేదు. ఆవిడ వ్యాసంలో మాత్రం దాన్ని 'సేంద్రియ ద్రవం' అని రాసింది. పేరు మారిస్తే కంపు పోతుందా?

ఇక ఆ స్ఫటికంతో ఆవిడ తయారుచేసిన యంత్రం సంగతి. టార్చిలైటంత ఉంటుంది. నోట్లోకి ఆకుపచ్చ వెలుగు వేస్తే ఆరోగ్యంగా ఉన్న కండ మెరుస్తుంది, క్యాన్సరు మొదలైనచోట నల్లగా కనిపిస్తుంది. కోత లేదు, నొప్పి లేదు. ఒక కంపెనీ హక్కులు కొనుక్కుని ఊరంతా నోటి పరీక్ష కేంద్రాలు తెరిచింది. మొదట తెరిచినదాంట్లో, ముందు గదిలో 'పొగాకు మానండి' అని బోర్డు. ఆ గోడకి అవతల నలభైమంది వరసగా కూర్చుని, స్టీలు గ్లాసులు పట్టుకుని, పొద్దుటినుంచీ ఖైనీ నమిలి అందులో ఊస్తుంటారు. వాళ్లని 'దాతలు' అనాలట. దాతకీ, దాత ఇంట్లోవాళ్లకీ వైద్యం ఉచితం. మేనేజరు సీతాపతి ఈ మాట చెప్పేటప్పుడు ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకునేవాడు. ఆ నలభైమందిలో మొదటి కుర్చీ కోటిలింగానిది.

మూడో ఏడు అతని గ్లాసుతో పెంచిన స్ఫటికాలు మసకబారాయి. హైమావతికి అనుమానమొచ్చి, తన యంత్రంతో తనే అతని నోరు చూసింది. ఎడమ చెంపలో రూపాయి బిళ్లంత నల్లమచ్చ. పుండు ముదిరితే ప్రొటీన్ మారిపోతుంది కాబట్టి ఆ ఉమ్మి ఇక పనికిరాదు. పనికిరానివాడు దాత కాడు. దాత కానివాడికి ఉచిత వైద్యం లేదు. సీతాపతి ఈ మూడు ముక్కలూ మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

వారంలోగా ఆపరేషన్ అవ్వాలి. పుండు దవడ ఎముకలోకి దిగకముందే కోసేయాలన్నారు డాక్టర్లు.

మర్నాడు కోటిలింగం భార్య శేషారత్నం హైమావతి ముందుకొచ్చి కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా మొగుడి పొట్లాలు మురిక్కాలవలో పారేసిన మనిషి. ఆ వాసనకి అతని పక్కన కూర్చుని అన్నం కూడా తినేది కాదు.

"నా నోరు చూడండమ్మా. బాగుందంటే నన్ను దాతగా తీసుకుంటారంట. నన్ను తీసుకుంటే ఆయన ఆపరేషన్ ఆపరంట."

"ఆయనకేమైందో చూశాక కూడా ఈ మాట ఎలా అంటున్నావు రత్నం?"

"చూశాను కాబట్టే అంటున్నా. ఆయనకిది రావడానికి పాతికేళ్లు పట్టింది. వైద్యం అయ్యే నాలుగు నెలలూ నేను నమిలితే ఆయనకి తగ్గిపోద్ది."

"నాలుగు నెలల్లో నీకు అలవాటైపోతే?"

"అది తర్వాత సంగతమ్మా. ముందు చూడండి."

మచ్చ ఉందని అబద్ధం రాసేద్దామనుకుంది హైమావతి. రాస్తే ఈవిడ బతుకుతుంది, ఆయన పోతాడు. యంత్రం వెలిగించింది. పొగాకు ఎరగని నోరు, ఎక్కడా మచ్చన్నది లేకుండా మెరిసింది. ఎన్నో వేలమందికి ఆవిడ మచ్చ లేదన్న మాట నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు తలెత్తకుండా 'ఆరోగ్యంగా ఉంది' అని రాసి సంతకం పెట్టింది. మహా సైంటిస్టు. ఆ పెన్ను విసిరికొట్టాలని ఆవిడకి తోచలేదు, తోచినా చేసేది కాదేమో.

ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాతి సోమవారం పొద్దున శేషారత్నాన్ని మొదటి కుర్చీలోనే కూర్చోబెట్టారు. పొట్లం, సున్నం డబ్బీ, గ్లాసు ముందు పెట్టారు. ఎలా కలపాలో ఆవిడకి తెలియదు. దవడకి కట్టుతో కోటిలింగం వచ్చి పక్కన నిలబడ్డాడు. పొట్లం తీసుకుని తన అరచేతిలో పోశాడు. గోటితో సున్నం తీసి, ఒక్క క్షణం చూసి, సగం మళ్లీ డబ్బీకే రాసేశాడు. ఈనెలన్నీ ఏరి, చాలాసేపు మెత్తగా నలిపి, ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ గోడవైపు తిరిగి చెంపలో పెట్టుకుంది.

"మింగబోకు" అన్నాడు, కట్టు సందులోంచి కష్టపడి.