చదవకుండా పెట్టిన సంతకం

సూర్యాపేట కోర్టు ఎదుట టైపింగ్ షాపు నడిపే రామనర్సయ్యకు పొద్దున్నే రెండు చాయ్‌లు పడందే మాట పెగలదు. ఆ రోజు మాత్రం మొదటి చాయ్ కూడా చల్లారిపోయింది. లోపలి గదిలో కూతురు నవనీత ఇనుప పెట్టె మూత తీసిన చప్పుడు వినగానే ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"అమ్మా, నా మెమోలేవి? టెన్త్‌ది లేదు, ఇంటర్‌ది లేదు, టీసీ గూడ లేదు."

"నాకేమెరుక? మీ నాయిన్నడుగు," అంది వీరమ్మ వంటింట్లోంచి.

"షాపుల పెట్టిన. పదిలంగనే ఉన్నయ్ తీ," అన్నాడు రామనర్సయ్య గోడ వైపు చూస్తూ.

లా కాలేజీ ప్రవేశ పరీక్ష లాసెట్‌లో అర్హతకు నలభై రెండు మార్కులు రావాలి. నవనీతకు ముప్పై ఎనిమిది వచ్చాయి. ఒక రోజంతా ఏడ్చి, రెండో రోజు ముఖం కడుక్కుని తన దారి తానే వెతుక్కుంది ఆ పిల్ల. ముందు ఊళ్లోనే డిగ్రీ, ఆ తర్వాత మళ్లీ లాసెట్ రాసి మూడేళ్ల లా. డిగ్రీ సీటూ వచ్చింది. అసలు సర్టిఫికెట్లతో రేపు సాయంత్రంలోగా చేరకపోతే అది పోతుంది.

ఆయనకు అదే మింగుడుపడలేదు. బిడ్డ ఈ ఏడే లా కాలేజీకి పోతుందని కోర్టు చుట్టుపక్కల చెప్పని మనిషి లేడు. ఇప్పుడు డిగ్రీ అంటే తల ఎక్కడ పెట్టుకోవాలి?

"నేను గూడ షాపుకొస్త. ఆడ్నే తీసుకుంట," అంది నవనీత చెప్పులు వేసుకుంటూ. వద్దనడానికి ఆయనకు సాకు దొరకలేదు.

షాపు గడప దగ్గర అప్పటికే మాడుగులపల్లి నుంచి వచ్చిన సువార్తమ్మ కూర్చుని ఉంది. కూలి చేసుకునే మనిషి. పోలీసు పెద్దసారుకు ఇవ్వాల్సిన ఫిర్యాదట, వకీలు రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టింది.

ఆ షాపులో ఒక పద్ధతుంది. ఒకరు పైకి చదువుతుంటే ఆయన టైపు చేస్తాడు. వేళ్లు వాటి దారిన అవి పోతుంటాయి, మనసు ఎటో ఉంటుంది. చివర్లో మాత్రం అందరికీ ఒకే మాట: "సదివి సంతకం పెట్టుండ్రి. సదవకుండ పెడితే మెడకు సుట్టుకుంటది." చదువు రానివాళ్లకు తనే చదివి వినిపిస్తాడు.

నవనీత చదవడం మొదలుపెట్టింది.

"నా కొడుకు చిరంజీవి లాసెట్ తప్పినాడు. పరీక్షతో పనిలేదని, క్లాసులకు పోనక్కర్లేదని, వేరే రాష్ట్రంలో లా సీటు ఇప్పిస్తానని ఒకతను నమ్మించి..."

కీబోర్డు చప్పుడు నెమ్మదించింది.

"...అసలు సర్టిఫికెట్లు తీసుకుని, ఖాళీ బాండు పేపరు మీద నా వేలిముద్ర వేయించుకున్నాడు. ఏడాదైనా సీటు లేదు, కాగితాలు తిరిగి ఇవ్వలేదు. అతని ఆఫీసు కోదాడ బస్టాండు ఎదుట, కళ్లద్దాల దుకాణం పైన..."

చప్పుడు ఆగిపోయింది.

"పేరు... పేరేం రాసిండ్రు?" అన్నాడు రామనర్సయ్య.

"కృష్ణమూర్తి."

ఆయన చొక్కా పై గుండీ తీసుకున్నాడు. మెడ మీద చెమట కారుతోంది. నవనీత కాగితం కింద పెట్టింది.

"నా మెమోలు గాడ ఇచ్చినవా?"

"పది రోజులాయె."

"బాండు పేపరు?"

ఆయన తల వంచుకున్నాడు. "సంతకం పెట్టిన."

"ఖాళీదా?"

"ఖాళీదే."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడింది.

"నన్నొక్క మాట అడుగుతే ఏమయితుండె నాయినా? తప్పింది నేను. సిగ్గు నీకెందుకొచ్చె? క్లాసులకు పోకుండ తెచ్చుకున్న పట్టాతోని జడ్జి ముంగట ఎట్ల నిలవడ్త?"

"నీ కోసమే చేసిన బిడ్డా."

"కాదు. కోర్టుల నలుగురి కోసం చేసినవ్."

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. ఫోను తీసి కృష్ణమూర్తికి కలిపాడు. స్పీకర్ నొక్కాడు.

"ఏవండీ రామనర్సయ్యగారూ, కంగారెందుకండీ? మీ అమ్మాయి సీటు పని నడుస్తా ఉంది," అంది అవతలి గొంతు, ఎంతో నెమ్మదిగా.

"సీటొద్దు సార్. మా కాగితాలు మాకియ్యుండ్రి. రేపే ఆఖరు రోజు."

"ఇప్పుడెట్లా కుదురుద్దండీ? మీరు ఇష్టపడే ఇచ్చారని బాండులో రాసుకున్నాం కదా. ఇంకా రాసుకోడానికి బోలెడు చోటుంది లెండి." చిన్న నవ్వు. "అమ్మాయి పేరు నవనీత కదూ? మంచి పేరండీ." ఫోను పెట్టేశాడు.

"నాతోని గూడ గిట్లనే నవ్విండు," అంది సువార్తమ్మ మెల్లగా.

రామనర్సయ్య రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది మందికి సెప్పిన మాట నేనే మరిసిన. నువ్వు తప్పినవని గాదు బిడ్డా, నేను సిన్నబోతనని భయపడ్డ."

నవనీతకు తండ్రిని అలా చూడటం అదే మొదటిసారి. కోపం ఇంకా పోలేదు. అయినా దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

"రేపటి సీటు పోయినట్టేనా?" అన్నాడాయన.

"పోతే పోనీ. మెమోలకు డూప్లికేట్లు అడుగుత. వచ్చే ఏడు లాసెట్ మళ్ల రాస్త. ముందుగాల, గా బాండు మీద వాడు ఇంకేం రాయకముందే మనం పోలీసులకు రాయాలె. లెవ్వు, నేను కూసుంట."

నవనీత సువార్తమ్మ ఫిర్యాదు పూర్తి చేసి, కొత్త పేజీ తెరిచింది. రోజూ వచ్చేవాళ్లను ఆయన అడిగినట్టే అడిగింది.

"పేరు?"

"రామనర్సయ్య."

"తండ్రి పేరు?"

"రాములు."

వివరాలన్నీ అయ్యాయి. బాండు సంగతి రాగానే ఆమె వేళ్లు ఆగాయి. సువార్తమ్మ చూస్తోంది. గుమ్మం అవతల ఇద్దరు వకీళ్లు కూడా నిలబడి ఉన్నారు.

"ఆగకు బిడ్డా," అన్నాడు రామనర్సయ్య, వాళ్లకూ వినబడేలా. "ఖాళీ దాని మీద, సదవకుండ పెట్టిన అని రాయి."

ప్రింటు తీసి, నవనీత పెన్ను అందించింది. ఆయన తీసుకున్నాడు గానీ కాగితం మీద పెట్టలేదు. కళ్లు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మొత్తం సదువు బిడ్డా. ఇన్నంకనే పెడ్త."