రాజన్న నవ్విన ఫోటో

జూన్ పదకొండున పొద్దున తిన్నది జొన్నరొట్టె, ఎల్లిపాయకారం అని చక్రధర్‌కు ఇప్పటికీ గుర్తే. రెండో రొట్టె అంచు మాడిందని కూతురు హారిక దాన్ని తన కంచంలో వేసుకుని, మంచిది తండ్రికి పెట్టింది. భార్య పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో జరిగే తగాదా అదొక్కటే, మాడిన రొట్టె ఎవరు తినాలని.

తిన్నాక ఇద్దరూ కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని తమ ఫోటో స్టూడియోకు వెళ్లారు. పెళ్లిళ్లకు వెళ్లి ఫోటోలు తీసేది తండ్రి, కంప్యూటర్ మీద ఆల్బమ్‌లు చేసేది కూతురు. ఆ పొద్దున కంప్యూటర్ తెరిస్తే తెర నిండా ఎర్రటి అక్షరాలు. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, డబ్బు పంపితేనే తెరుస్తాం అని ఇంగ్లిష్‌లో ఉంది.

జాగ్రత్త కోసమని కొన్న హార్డ్ డిస్క్ కూడా ఎప్పుడూ ఆ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది. పీకితే మళ్లీ పెట్టడం మర్చిపోతామని వాళ్ల భయం. దానికీ తాళం పడింది.

"ఎట్లయింది బిడ్డా?"

హారిక తల ఎత్తలేదు. "ఆల్బమ్ డిజైన్లు ఫ్రీగ ఇస్తున్నరంటే నిన్న డౌన్‌లోడ్ చేసిన బాపు. వైరస్ ఉన్నదని కంప్యూటర్ అడ్డం పడ్డది. నేనే దాని నోరు మూయించిన."

"చుట్టాలకు నేను ఫ్రీగ ఫోటోలు పంపితె మీది మీదికి లేస్తవు. నువ్వు తెచ్చిన ఫ్రీ ఇదా?"

ఆ మాట అన్నాక ఆయనకే బాధ కలిగింది. పెళ్లి అయిన సాయంత్రమే, "అన్నా, నాదొకటి పంపవా" అన్న ప్రతివాళ్లకూ ఫోటో పంపడం ఆయన అలవాటు. గిట్ల పంచితే ఆల్బమ్ ఎవరు కొంటరని కూతురు ఎన్నోసార్లు దెబ్బలాడింది.

అంతలో ఫోన్ మోగింది. ఎల్లారెడ్డి నుంచి మంగవ్వ. నిరుడు ఆమె కూతురు పల్లవి పెళ్లికి ఫోటోలు తీసింది చక్రధరే. పెళ్లయిన కొద్దిరోజులకే మంగవ్వ భర్త రాజన్న గుండెనొప్పితో పోయాడు. ఆల్బమ్ చూసే ధైర్యం లేదు, ఏడాది గడవనీ అన్నారు. ఇప్పుడు సంవత్సరికం దగ్గరపడింది.

"చక్రన్నా, పెండ్లిల ఆయన నవ్విన ఫోటో ఉన్నదంటివి కద. గది పెద్దగ చేయించియ్యి. గోడకు పెట్టుకుంట."

"నేనే వస్త అవ్వా" అని ఫోన్ పెట్టేశాడు.

హారిక చేతి గాజులు తీయబోయింది. "అమ్మ గాజులు కుదువ పెడ్త. వాండ్లు అడిగింది పంపుదాం."

"పంపితె తెరుస్తరని ఎవరు జిమ్మెదారి? గాజులు తియ్యకు."

"మరి మంగవ్వకు ఏం చెప్తవ్? నీకు నీ నీతి ముఖ్యం. ఆమెకు ఇంకో ఫోటో లేదు బాపు!"

చక్రధర్ సైబర్ పోలీసులకు ఫోన్ చేస్తే వాళ్లూ అదే అన్నారు. డబ్బు కట్టినా తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు, తాళం పడ్డ డిస్క్‌ను మాత్రం పారేయొద్దు, ఎప్పటికైనా దారి దొరకొచ్చు అని.

"ఉన్నదున్నట్టు చెప్దాం" అన్నాడు చివరికి.

"నాకు ధైర్యం లేదు."

"నాకూ లేదు. బస్సుల పక్కపక్కన కూసుందాం."

వాళ్లు ఎల్లారెడ్డి చేరేసరికి మంగవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కనే పల్లవి ఆకు కత్తిరిస్తోంది. హారిక కూర్చోకుండానే జరిగిందంతా చెప్పింది, తప్పు తనదేనని కూడా. మంగవ్వ చేతిలోని బీడీకి దారం చుట్టడం ఆపింది.

"అంటే ఆయన నవ్వింది లేదా?"

"మా బాపుది ఓటరు కార్డు మీదిదొక్కటే ఉన్నదక్కా" అంది పల్లవి. "దాంట్ల దొంగ లెక్క ఉన్నడు. గదే పెట్టాల్నా గోడకు?" నవ్వబోయి ఏడ్చేసింది.

"ఊకో. తాళమేసినోడు మొకం చూపెట్టలే. ఈ పిల్ల మన ముంగటికొచ్చి చెప్పింది. మంచినీళ్లు తే పో." మంగవ్వ చాట పక్కన పెట్టింది. "చక్రన్నా, పెండ్లి నాడు అందరికీ ఫోటోలు పంపినవు గద. మా తమ్ముడు జుక్కల్ పోయేదాంక బస్సుల చూసుకుంట మురిసిండు. గవి లేవా?"

"ఫోన్ నిండుతదని నా దాంట్లయి తుడిపేసిన అవ్వా."

"నువ్వు తుడిపితె వాండ్లెందుకు తుడుపుతరు?"

హారిక తండ్రి వైపు చూసింది. పల్లవి చుట్టాల గ్రూపులో సంగతి చెప్పి, అందరినీ ఫోటోలు పంపమంది. మొదటిది జుక్కల్ మేనమామ దగ్గరి నుంచే వచ్చింది. ఆ తర్వాత ఒకటొకటిగా రాసాగాయి. ఎవరి ఫోటోలో చూసినా వెనక ఎక్కడో రాజన్న ఉన్నాడు. కుర్చీ మోస్తూ, ఎవరి పిల్లనో ఎత్తుకుని, జారిన రుమాలు తలకు చుట్టుకుంటూ.

పొద్దు వాలుతుండగా రాజన్న దోస్తు వెంకటి పంపిన ఫోటో వచ్చింది. భోజనాల పంక్తిలో వెంకటి నోట్లో లడ్డూ కుక్కుతూ రాజన్న విరగబడి నవ్వుతున్నాడు.

మంగవ్వ ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "ముంగటి పన్ను ఊడిందని నోరు తెరవకపోయేది. చూడు, ఉన్నయన్నీ చూపెడ్తుండు. గిదే పెద్దగ చెయ్యి బిడ్డా."

"ఫోన్ల పంపింది కద అవ్వా, పెద్దగ చేస్తే మసక అయితది."

"ఏమాయె. కండ్లద్దాలు లేక, పక్కన కూసున్నా ఆయన నాకు మసకనే కనిపించేది."

ఏడుస్తున్న పల్లవే ముందు నవ్వింది.

తిరుగు బస్సులో హారిక కిటికీ వైపు చూస్తూ అంది. "ఇగ నిన్ను పంపొద్దని అనను బాపు. మిగతా పెండ్లిళ్లోళ్లకు గూడ రేపటి నుంచి ఫోన్లు చేద్దాం. తిడితె నేను పడ్త."

"సగం నేను పడ్త. పొద్దున అట్లనకుండ ఉండాల్సింది."

"అన్నది నిజమే కద."

"నిజమైనా గప్పుడు అనుడు తప్పు."

దారిలో కొత్త డిస్క్ కొన్నారు. పల్లవి పంపిన రాజన్న ఫోటోలు ఇంట్లోని లాప్‌టాప్ నుంచి దానిలోకి ఎక్కించగానే హారిక వైరు పీకేసింది. అమ్మ గాజులు తీసి బీరువాలో పెట్టి, వాటి పక్కనే ఆ డిస్క్ ఉంచింది. స్టూడియో నుంచి తెచ్చిన, తాళం పడ్డ పాత డిస్క్‌ను కూడా చేతిరుమాలులో చుట్టి లోపల పెట్టింది.

"అదెందుకు?"

"ఎన్నడో ఒకనాడు తెరుచుకుంటదేమో."

అలసిపోయి ఆమె అక్కడే చాప మీద ఒరిగి నిద్రపోయింది. చక్రధర్ దుప్పటి కప్పాడు. పొద్దున మాడిన రొట్టె తిన్నది ఈ పిల్లే అని గుర్తొచ్చింది. దీపం ఆర్పి, కిర్రుమనకుండా వీధి తలుపు దగ్గరగా లాగి గడియ పెట్టాడు.