ఎడమ రెక్క బట్ట

వరంగల్ కొత్తవాడల వెంకట్రాజం విమానం కడుతాండంటే నవ్వనోడు లేకుండె. ఆయన మిల్లుల ఫిట్టరు. పొద్దంత నట్లు బిగించి వచ్చి, చెయ్యన్నా కడుక్కోకుండ ఇంటెనుక రేకుల షెడ్డుల దూరేటోడు. మొండోడు, ఒప్పుకోవాలె. విదేశం నుంచి నక్షలు తెప్పిచ్చుకున్నడు. హైదరాబాద్ తుక్కు బజార్ల పాత కారు ఇంజిను దొరకబట్టిండు. కర్రబద్దలు కోసి, జిగురు పెట్టి, ఒక్కడు కూసునేటంత చిన్న విమానం నిలబెట్టిండు. డెబ్బై తొమ్మిది వానకాలానికి ఇగ రెక్కలకు బట్ట కట్టుడే మిగిలింది. మామునూరు మైదానంల ఎగరేసి, నవ్వినోళ్ల నోళ్లు మూయించాలని ఆయన పంతం. ఆ పంతం తప్ప లోకంల ఆయనకు ఇంకోటి కనవడకపోయేది.

కుడి రెక్క అయ్యింది. ఎడమ రెక్కకు ఒక దిక్కు బట్ట తక్కువ పడ్డది. బజార్ల దొరికేది పల్చగుంది, గాలి ఊపుకు చినుగుతది. గట్టి బట్ట మాత్రం ఆయన దగ్గర ఒకటుండె. దాన్ని షెడ్డుల దాచిపెట్టిండు, పెండ్లానికి కూడ చెప్పలే.

అది ఆయన అత్త మొగిలమ్మ నేసిన బట్ట. మొగడు పోయినంక బిడ్డ సమ్మమ్మ ఇంట్లనే ఉండి, చివరిదాక మగ్గం వదలని మనిషి. వాళ్లింటి ఆడోళ్లకు ఒక పట్టింపుండె, తమ మీద కప్పే ఆఖరి బట్ట తామే నేసుకోవాలె. ముసలామె నేసుకుంది. అంచుకు ఒకే ఒక్క ఎర్రపోగు పెట్టుకుంది. "అల్లుడా, నన్ను దీంట్లనే చుట్టి పంపాలె" అని చెప్పి పెట్టెల పెట్టుకుంది. ఎండకాలం ఆమె పోయిన్నాడు సమ్మమ్మ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. పెట్టె తీసింది వెంకట్రాజమే. బట్టను చేత్తోని తడిమిండు. అబ్బ, ఏం నేత! కాల్చేదానికి ఇంత మంచిది దండుగ అనుకున్నడు. దాన్ని దాచి, ముసలామె మీద బజారు బట్ట కప్పి పంపిండు. ఛీ, ఏం బుద్ధో!

ఇప్పుడు ఆ బట్టను రెక్క కొలతకు కోసి, ఎర్ర అంచును లోపలికి మడిచి, జిగురు పెట్టి అతికిచ్చిండు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. రెక్కను షెడ్డు నడుమ గోడలెక్క నిలబెట్టి కుట్టుడు మొదలుపెట్టిండ్లు. ఇటు ఆయన, అటు సమ్మమ్మ. గోనెసంచులు కుట్టే దబ్బనంతోని ఆయన ఇటు నుంచి పొడిస్తే, ఆమె అటు అందుకొని బద్ద పక్కపొంటి మళ్ల ఇటు పొడవాలె. ఒకరి మొఖం ఒకరికి కనవడదు. దారాన్ని రెండుసార్లు గుంజితే అందిందని గుర్తు.

పొద్దటి నుంచే ఇద్దరికి లొల్లి. "ఈ కట్టెల పిట్టకు నన్ను బానిసను చేసినవ్" అని ఆమె. "నోరు మూసుకొని కుట్టు" అని ఈయన. అటు దిక్కు గాజులు గట్టిగ మోగుతానయి.

అంతల కరెంటు పోయింది.

"ఏమే, కందిలి ముట్టిస్తవా?" అన్నడు.

దారం మాత్రం రెండుసార్లు గుంజింది. అలిగినా పని ఆపలేదు, మంచిదే అనుకున్నడు. కిటికీల నుంచి వచ్చే మసక వెలుగుల మళ్ల మొదలుపెట్టిండు.

సూది పోతాంది, వస్తాంది. రేకుల మీద సన్నగ వాన. షెడ్డంత జిగురు వాసన. కొంతసేపటికి ఆ వాసన తగ్గి ఇంకోటి లేచింది. పోగులకు పట్టిచ్చే గంజి పులిసిన వాసన. ఇంట్ల మగ్గం తీసేసి నెలలాయె, ఈ గంజి ఎక్కడిదని ముక్కు ఎగబీల్చిండు. గాజుల సప్పుడు ఎప్పుడు ఆగిందో ఆయన పట్టించుకోలే.

సూది జోరుగ వస్తాంది.

"జర మెల్లగనే..."

బొటనేలు పక్కనే దిగింది.

"మెల్లగ అంటాన గద!"

ఈసారి చర్మాన్ని గీసుకుంట వచ్చింది.

అప్పుడే వాకిట్ల నుంచి సమ్మమ్మ గొంతు ఇనవడ్డది. "ఏమయ్యా, చీకట్ల ఎవలతోని మాట్లాడుతానవ్? కరెంటు పోంగనే గ్యాసునూనెకని పక్కింటికి పోతి. గిప్పుడిచ్చిరి."

వెంకట్రాజం రెక్క దిక్కు చూసిండు.

చేతిల దారం రెండుసార్లు గుంజింది.

వదిలేసి ఉరుకబోయిండు. చెయ్యి రాలే. అంగి చెయ్యి రెక్కకు కుట్టేసి ఉంది... మణికట్టు నుంచి మోచెయ్యి దాక. ఎప్పుడు కుట్టిందో... ఎంత గుంజినా పోగు తెగలే. ఎదురుంగ బట్ట ఆయన దిక్కు ఉబ్బింది. చెవి పక్కకే వచ్చి ఆగింది.

"అల్లుడా... చలి పెడుతాంది."

దబ్బనం మొన బయటికొచ్చింది. ఆయన గొంతు కాడ.

కందిలి పట్టుకొని సమ్మమ్మ లోపలికొచ్చింది. మొన వెనుకకు పోయింది.

"అటు పోకే! నీ కాళ్లు మొక్కుత, అటు పోకు!"

ఆమె ఇంటదా? పోనే పోయింది. కందిలి వెలుగు రెక్క వెనుక ఆగింది.

"ఇక్కడెవలు లేరు గదయ్యా..." అన్నది. రెక్క అంచు పొంటి కందిలి వెలుగు జరిగింది. తర్వాత ఆమె గొంతు మారింది. "ఈ ఎర్రపోగు... ఇది మా అమ్మ బట్ట."

మడిచి అతికిచ్చిన అంచు, జిగురు ఊడి బయట పడి ఉంది.

ఆమె ఇటు దిక్కు వచ్చింది. కండ్లు నిప్పులు కక్కుతానయి. "మా అమ్మను దేంట్ల పంపినవ్? చెప్పు!"

ఆయన తల వంచిండు.

"నీ నోట్ల మన్ను వడ! చేసుకున్న పాపానికి ఇగ నువ్వే పోతవ్!" కత్తెర తీసుకొని మొగని చెయ్యి ఇడిపియ్యకుండనే ముందు బట్ట కుట్లు కోసుడు మొదలుపెట్టింది.

"రెక్క ఖరాబైతదే..." అని ఆయన నోరు జారిండు.

"ఇంకా రెక్క ముచ్చటేనా!"

ఆయనకు గొంతు కాడ సూది గుర్తుకొచ్చింది. "వద్దు, రెక్క వద్దు, విమానమే వద్దు. పొద్దుగాల నేనే పోయి అత్తను కాల్చిన కాట్ల దీన్ని కాలేసి వస్త. మీ అమ్మకు దండం పెట్టి చెప్త." కష్టపడి కట్టిందంత ఒక్కమాటతోని ఇడిచిపెట్టిండు. కండ్ల నీళ్లు కారుతానయి. ఆమె అప్పుడు ఆయన అంగి చెయ్యి కోసింది.

బట్ట ఊడొచ్చింది. సమ్మమ్మ నేతోళ్ల బిడ్డ, ఊరికె మడువదు. కింద పరిచి మోచేతితోని మూరలేసుకుంట పోయింది. తల్లి పొడుగు దాక వచ్చి ఆగింది. బట్ట ఆగలే. ముందట ఇంకా ఉంది.

"అతుకు పెట్టినవా?"

"లేదే... నేను కోసి తక్కువ చేసిన గని..."

అతుకు లేదు. ఒకటే నేత, అంచుకు అదే ఎర్రపోగు. ఆమె ఆ మిగిలిన బట్ట ఎత్తి, ఏం మాట్లాడకుండ మొగని నెత్తి మీద పెట్టి కిందికి ఇడిచింది. మడిమల దాక రావడానికి బెత్తెడు తక్కువుంది. ఆ కొసకు పోగులు తడితడిగ వేలాడుతానయి, గంజి కారుతాంది.

కందిలి దగ్గర పెట్టి ఇద్దరు వంగి చూసిండ్లు. చూస్తుండంగనే ఒక పోగు ఈ అంచు నుంచి ఆ అంచుకు మెల్లగ పోయి, ముందటి పోగు పక్కన ఒదిగింది.