దెబ్బ తినని బండి

తొమ్మిది రోజులు! ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలోది తింటూ, తండ్రీ కూతురూ మాట్లాడుకోక తొమ్మిది రోజులు... మధ్యలో నలిగిపోయింది ఆ తల్లి. "అమ్మా, మంచినీళ్లు ఇటు జరపమని ఆయనతో చెప్పు." "చెయ్యి చాపితే అందుతాయని నీ కూతురికి చెప్పు." చెప్పీ చెప్పీ ఆమె నాలుక అరిగింది. ఒకరికి కోపమొస్తే రెండోవారితో సర్ది చెప్పించవచ్చు. ఇద్దరికీ ఒకేసారి వస్తే ఏ తల్లి మాత్రం ఏం చేస్తుంది!

అంతా కారు తెచ్చిన తంటా. పద్దెనిమిదేళ్ల పిల్లకి ఆసుపత్రి ల్యాబులో పని నేర్చుకునే అవకాశం వచ్చింది. పొద్దున్న ఆరింటికల్లా అక్కడుండాలి. ఆ వేళకి బస్సు లేదు. "కొత్త కారే కావాలి నాన్నా! పాతది దారిలో ఆగిందంటే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు!" అని కాళ్లావేళ్లా పడింది. తండ్రి ముప్పై ఏళ్లుగా కార్ల సొట్టలు తీసి రంగులు వేసే మేస్త్రి. "నేర్చుకునే చేతికి కొత్త బండేమిటి? అతుకేసిన రేకుని పదడుగుల దూరంనుంచే పసిగడతాను. నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు!" అని, ఎవరికీ చెప్పకుండా పాత కారొకటి తెచ్చి వాకిట్లో పెట్టాడు. "చూడు, ఒక్క దెబ్బ తినని బండి!"

పిల్ల చూడలేదు. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

రేపే పనిలో చేరాలి. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా మొహం చూసైనా ఒక్కసారి ఎక్కి నడపవే తల్లీ..."

పిల్ల ఎక్కింది. మూతి ముడుచుకునే ఎక్కింది. బండి వెనక్కి తీసింది. ధన్! గేటు స్తంభం!

తల్లి పరుగెత్తింది. పిల్లకేం కాలేదు. కారు వెనకమూల నొక్కుకుపోయి, డిక్కీ లోపలి అట్ట ఊడి వేలాడుతోంది. దాని వెనక... పాత అతుకు!

మేస్త్రి మొహం కందగడ్డ అయింది. "దెబ్బ తిన్న బండి! ఎవడో దొంగవెధవ అతుకేసి కప్పెట్టాడు! వాడెవడో దొరకనీ, చేతులు విరిచేస్తాను!"

తల్లి వంగి చూసింది. మిగతా మేస్త్రులు సొట్ట పూడ్చే లప్పం రేకుముక్కతో పూస్తారు. ఇక్కడ బొటనవేలితో పామారు. ఆ వేలిగుర్తుల్లో అడ్డంగా ఒక కోత. ఆ కోత పడిన రోజున కట్టు కట్టింది తనే!

"ఏవండీ... విరిచేముందు మీ చెయ్యోసారి ఇటివ్వండి."

ఆయన వేలు తీసి ఆ గుర్తు మీద పెట్టింది. అతికినట్టు సరిపోయింది. మేస్త్రి గేటు పక్కనే చతికిలబడ్డాడు.

"టైర్ల షాపాయన బండి! అప్పుడు ఎర్రగా ఉండేది... ఈ నీలం రంగు వేసింది నేనేనే!"

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వచ్చి పక్కన కూలబడింది. "నీ పని నువ్వే పట్టలేకపోయావంటే, ఇంకెవరు పడతారు నాన్నా! అంత బాగా చేశావా?"

ముప్పై ఏళ్లలో ఆయన పనిని ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. కళ్లు చెమర్చాయి. "దీని లోపలి ఇనుమంతా నేను విప్పి చూసిందేనమ్మడూ, గట్టిది... నిన్నడక్కుండా తేవడం నాదే తప్పు."

"దారిలో ఆగిపోతే?"

"నీకు భయం పోయేదాకా రోజూ నీ పక్కన నేనొస్తా. ఆగితే తోస్తా!"

మర్నాడు తెల్లవారుతుండగా, ఆ నొక్కుతోనే బండి కదిలింది. తల్లి వెనక సీట్లో కూర్చుంది.

"క్లచ్చు వదులు!" "వదిలాను నాన్నా!" "ఇదేం నడపడం? నడిచెళ్లే ముసలాయన మనల్ని దాటిపోయాడు!" "అయితే దిగి ఆయనతో వెళ్లు!" "మలుపు, మలుపు!" "నాకూ కళ్లున్నాయి!"

దారి పొడుగునా ఒక్క క్షణం నోళ్లు మూయలేదు ఇద్దరూ. వెనక కూర్చుని ఆమె ఏడ్చింది, చేత్తో నోరు మూసుకుని, వాళ్లకి వినపడకుండా... ఆసుపత్రి కనిపించింది. ఇంకో రెండు వీధులు ఉన్నా బాగుండేది అనుకుంది.