ఈఈజీ గది ముందు వరండా

ఆ ఆస్పత్రి పాత బిల్డింగు రెండో అంతస్తు వరండాలోకి రాత్రిళ్ళు ఊడ్చేవాళ్ళు కూడా వెళ్ళరు. జుట్టు విరబోసుకుని ఒకతి వస్తుందట. ముఖం ఉండాల్సిన చోటా జుట్టే... మడమలు ముందుకి, వేళ్ళు వెనక్కి. రాయ్‌పూర్‌లోని ఆ ఆస్పత్రికి రోగిని తెచ్చుకున్న ప్రతివాళ్ళ చెవిలో ఈ మాట ఎవరో ఒకరు వేస్తారు.

ఫణిశ్రీ చెవిన వేసింది నైట్ గార్డు. ధర్సీవా నుంచి సైకిలు మీద వచ్చే ముసలాయన.

"పైకి వద్దు దీదీ. పాపని తీసుకుని కింద హాల్లో కూచోండి."

కింద అందరూ పడుకునుంటారు. వాళ్ళని చూస్తే పాపకీ నిద్రొస్తుంది. అదే రాకూడదు. అందుకే పైకే తీసుకెళ్ళింది.

ప్రీతికి పదహారేళ్ళు. నాలుగు నెలలుగా ఫిట్స్. ఎందుకో తేలాలంటే తలకి వైర్లు అంటించి ఈఈజీ తీయాలి. దానికి ముందు రాత్రంతా మేలుకునుండాలి. కునుకు పట్టిందో, మళ్ళీ మూడు వారాల తర్వాతే డేటు. ఈలోపు ఎన్నిసార్లు పడుతుందో... ఎక్కడ పడుతుందో.

మొగుడు గూడ్సు బండి మీద డోంగర్‌గఢ్ వైపు వెళ్ళాడు. ఫోను అందడం లేదు.

సాయంత్రం ఎమ్మారై అయింది. పాప పక్కన నిలబడాలంటే తల్లి ఒంటి మీద కూడా లోహం ఉండకూడదన్నారు. పిన్నులు, గాజులు, పట్టీలు, పుస్తెలు అన్నీ విప్పి రుమాల్లో మూట కట్టింది. మళ్ళీ పెట్టుకునే ధ్యాసే లేదు. పాపకేమో జిడ్డు లేకుండా తలంటమన్నారు. ఇద్దరి జుట్టూ వీపంతా పరుచుకుంది.

రెండున్నర. ప్రీతి కళ్ళు వాలిపోతున్నాయి.

"టిట్లాగఢ్ స్టేషన్ తర్వాత?"

"కేసింగా... అమ్మా, ఈ రాత్రే మూడుసార్లు విజయనగరం వెళ్ళొచ్చాం. అదీ టికెట్టు లేకుండా."

"నాలుగోసారి వెళ్దాం. లే."

పక్కన నడిస్తే పిల్ల కళ్ళు మూసుకునే నడిచేస్తోంది. అందుకని రెండు చేతులూ పట్టుకుని, కళ్ళల్లోకి చూస్తూ నడిపించింది. పట్టీలు లేవు. అడుగు చప్పుడు లేదు.

మెట్ల దగ్గరికి వస్తుండగా — వెనకాల ఎవరిదో ఊపిరి ఆగినట్టు చిన్న మూలుగు. ఏదో కింద పడింది. దబదబా పరుగు...

ఫణిశ్రీ తల తిప్పింది. ఎవరూ లేరు. వెలుగుతున్న టార్చి ఒక్కటి నేల మీద దొర్లుతోంది.

దేన్ని చూసి పారిపోయారు?

"అమ్మా, ఏటది?"

"అటు చూడకు... నన్నే చూడు. కేసింగా తర్వాత?"

తెల్లారేదాకా ఆ చేతులు వదల్లేదు.

పొద్దున వైర్లు అంటించి, ఇక పడుకోమన్నారు. ప్రీతి చిటికెలో నిద్రపోయింది. ఫణిశ్రీ బయటికొచ్చేసరికి గార్డు నలుగురిని పోగేసి చెబుతున్నాడు.

"రాత్రి నా మీదికే వచ్చింది. ముఖం లేదు... మడమలు ముందుకి..."

అప్పుడు తట్టింది. నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వొచ్చింది. తెల్లారాక తీసిపెట్టిన టార్చి ఆయన చేతిలో పెట్టింది.

"అది నేనే భయ్యా. పాపని చూస్తూ వెనక్కి నడుస్తున్నాను. మీకు కనబడింది నా వీపు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆవిడని పక్కకి పిలిచాడు.

"రాత్రి నేను చూసింది ఇద్దరిని దీదీ. పదకొండేళ్ళుగా నేను చూస్తున్నది ఒక్కతినే. నన్ను దాటిపోతుంటే చూశాను... ఎవరి చేతులో పట్టుకున్నట్టు రెండు చేతులూ చాపుకుని వెనక్కి నడుస్తుంది. అవతల ఎవరూ ఉండరు."

టార్చి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

"రాత్రి ఆ చేతుల్లో పిల్ల కనబడేసరికి... ఆమెకి తన పిల్ల దొరికిందనుకున్నాను."

ఫణిశ్రీ ఈఈజీ గది తలుపు తోసింది. ప్రీతి నిద్రపోతోంది. వైర్లు కదులుతాయి, ముట్టుకోవద్దన్నారు.

గుమ్మంలోనే నిలబడిపోయింది — చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.