మొదటి గుక్క

“పదకొండింటికి మంత్రిగారు ఎగ్జిబిషన్ మీట నొక్కుతారు. మరుక్షణం మాంటెవిడియో అంతా చీకటి. ఆసుపత్రులతో సహా.” గూఢచారి శాఖ చీఫ్ బెంటంకోర్ ఎల్బియో ముందు ఫైలు మూశాడు. “విదేశీ ముఠా ఏదో స్టాల్లో పరికరం దాచింది. ఎక్కడో తెలిస్తే జుల్మా చెబుతుంది, నువ్వూ వెతుకు. బయల్దేరు.”

జుల్మా ముఠాలోకి వేగుగా పంపిన మన మనిషి. ఆరేళ్లుగా ఎల్బియో ప్రాణం కూడా.

ఎల్బియో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ అమ్మే ఏజెంటు వేషంలో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనలో అడుగుపెట్టాడు. జేబులో పెన్ను. పరికరం దగ్గరైతే దాని మొన ఎర్రగా వెలుగుతుంది. స్టాళ్లన్నీ తిరిగాడు, వెలగలేదు. జుల్మా దుబాసీగా ఉన్న స్టాలు ఒక్కటే మిగిలింది. ఆమె ఉన్నచోట వెతకడమేమిటని వదిలేశాడు.

“ఈ ఏడు వానలు తక్కువటగా?” అన్నాడు ఆమె ముందు నిలబడి.

“ఆనకట్ట నిండే ఉంది.” కోడ్ సరిపోయింది. “కూర్చో బడుద్ధాయీ, మొహం పీక్కుపోయింది.”

ఫ్లాస్కులోని వేణ్నీళ్లు సొరబుర్ర కప్పులోని మాతే అనే తేయాకులాంటి ఆకు మీద పోసి, పీల్చే వెండి గొట్టం అతనివైపు తిప్పి అందించింది.

ఎల్బియో కప్పు అందుకుని ఆమె వంక చూశాడు. మొదటి కప్పు కటికచేదు. అది పోసినవాళ్లు తాగి, రెండోది ఎదుటివాళ్లకివ్వాలి. ఆరేళ్లలో జుల్మా ఒక్కనాడూ ఆ మర్యాద తప్పలేదు.

ఎదుటి స్టాల్లో నల్లకోటువాడు ఆమెనే చూస్తున్నాడు.

“తాగు,” అంది. పెదవులు నవ్వాయి, కళ్లు నవ్వలేదు.

అతను తాగినట్టు నటించి కప్పు బల్లమీద పెట్టాడు. సరుకు చూస్తానంటూ ఆమె వెనకున్న ప్యానెల్ చాటుకి వెళ్లాడు. పెన్ను ఎర్రబడింది. మైకులో మంత్రి లెక్కపెడుతున్నాడు. మూడు. రెండు. ఎల్బియో పరికరం తీగ పీకేశాడు. ఒకటి.

దీపాలు ఆరలేదు. హాలంతా చప్పట్లు.

తిరిగొచ్చేసరికి కప్పు జుల్మా చేతిలో ఉంది. ఖాళీ.

“తమ్ముడు వాళ్ల చేతుల్లో ఉన్నాడు. నీకు విషం కలిపి ఇమ్మన్నారు,” అంది మెల్లగా. “నేను నీకు చెప్పానని తెలిస్తే వాణ్ణి చంపేస్తారు. కప్పు తారుమారైందనుకుంటే వదిలేస్తారు. మొదటిది పోసినవాళ్లదేగా, ఎల్బియో.”

తల అతని భుజంమీదికి వాలిపోయింది.

ఆఫీసులోనూ ముఠాకి చెవులున్నాయి. రిపోర్టులో ఎల్బియో ‘కప్పు తారుమారు’ అనే రాశాడు.

“మాతే ఇవ్వడం కూడా సరిగ్గా రాదేమయ్యా ఆ పిల్లకి?” అన్నాడు బెంటంకోర్.

“రాదు సార్.”

నాలుగోనాడు, ముఠా వదిలేసిన జుల్మా తమ్ముడు ఎల్బియో ఇంటి గడప తొక్కాడు. ఎల్బియో మాతే పోసి, మొదటిది తనే తాగాడు. ఆరేళ్లూ ఆమె నవ్వుతూ మింగిన చేదు ఎంతో అప్పుడు తెలిసింది.