ముక్కురాయి గుడిసెలో చెక్కపేళ్లు

గడ్డకట్టిన సముద్రం ఒడ్డున, ముక్కురాయి అనే బండ కింద, ఒంటికిటికీ గుడిసె ఒకటుంది. పందెం కుక్కలు కూడా అక్కడికొచ్చేసరికి తోక ముడుస్తాయి. చుట్టూ అరవై మైళ్లు మనిషన్నవాడు లేడు. అయినా రాత్రయితే లోపల్నించి చప్పుడు — సర్ర్... సర్ర్... ఎవరో కత్తితో కట్టె చెక్కుతున్నట్టు. అది విన్న తెల్ల ఎలుగుబంటి ఒకటి మతిపోయి మాంసం మానేసిందట! నేను నమ్మలేదు. సగమే నమ్మాను.

ఆ ఏడు, కుక్కలు మంచు మీద బండ్లు లాగే వెయ్యి మైళ్ల పందెంలో వెర్నా బండి అయిదోది. తొమ్మిది కుక్కలు, ముందు నడిచే కుక్క పేరు మసి. మజిలీ ఊళ్లో బెర్తా పిన్ని వేడి సూపు పోస్తూ వేళాకోళం మొదలెట్టింది.

"ముక్కురాయి దగ్గర ఆగకే! వాసిలీ ముసలాడు రెండేళ్లుగా ఒంటరిగా ఉన్నాడు. ఆడమనిషి కనబడితే వదలడు."

"నేను స్నానం చేసి పదిరోజులైంది పిన్నీ. ఆయనే పారిపోతాడు."

అందరూ నవ్వారు. ఒక్క ఎడ్గర్ నవ్వలేదు. నది ఎగువ ఊరివాడు, నలభై దాటాక మొదటిసారి పందేనికొచ్చాడు. సూపు గిన్నె పక్కనే తలపెట్టి గుర్రుకొడుతున్నాడు.

వెర్నా కూడా నవ్వింది గానీ... ఆ నవ్వు పెదాలు దాటి లోపలికి పోలేదు.

ఆ గుడిసెకి ఒకటే కట్టుబాటు. పొయ్యి వెలిగించుకున్నవాళ్లు, వెళ్లేముందు పల్చటి చెక్కపేళ్లు చెక్కి పొయ్యిలో పేర్చిపోవాలి. వెనకాల వచ్చేవాడి వేళ్లు కత్తి పట్టే స్థితిలో ఉండకపోవచ్చు కదా! రెండేళ్ల కిందట వెర్నా అక్కడ పడుకుని ఆలస్యంగా లేచింది. ముందు బండిని అందుకోవాలన్న తొందరలో — చెక్కకుండానే వెళ్లిపోయింది.

ఆమె వెనకాల వచ్చింది వాసిలీ తాత. మర్నాడు చల్లటి పొయ్యి ముందు కూర్చున్నట్టే గడ్డకట్టి దొరికాడు. ఒళ్లో కత్తి. చుట్టూ దుంగలు... సగం గీసిన కట్టె ఒక్కటి.

ఈ సంగతి వెర్నా ఎవరికీ చెప్పలేదు.

చీకటి పడ్డాక, సముద్రం మీద మంచు పెళ్లున విరిగింది. నడుము దాకా నీళ్లు! మసి గోళ్లతో పాకి జట్టునంతా ఒడ్డుకి లాగింది గానీ, పొయ్యీ నూనే ఉన్న సంచి నీళ్లపాలైంది. రొమ్ముల మధ్య దాచుకున్న లైటరొక్కటే మిగిలింది. చలా? రెప్ప వేస్తే రెప్పలు అతుక్కుపోయి, వేలితో విడదీసుకోవాలి! ఆమె చొక్కా పలకలా బిగిసిపోయింది. పావుగంటలో నిప్పు దొరక్కపోతే తెల్లారదు.

ఎదురుగా... ముక్కురాయి గుడిసె.

ముందు కుక్కలకి ఎండుచేప పడేసింది. చస్తున్నా ఆ వరుస తప్పదు. తర్వాత భుజంతో తలుపు తోసింది.

చిమ్మచీకటి. దుంగలు తగిలాయి. మొలలోంచి కత్తి తీసింది — జారిపడింది. మళ్లీ తీసింది — మళ్లీ పడింది. వేళ్లు తనవి కావు. అప్పుడు తెలిసింది ఆమెకి, ఆ రాత్రి తాతకి ఎలా ఉండి ఉంటుందో.

"తాతా..." అంది గొణుగుతూ. "నేనే... ఆ పేళ్లు పెట్టంది నేనే."

సర్ర్...

పక్కనే. మూర దూరంలో.

సర్ర్... సర్ర్...

చప్పుడు ఆగింది. వెర్నా మోచేత్తో తడుముతూ పొయ్యి మూత తెరిచింది — నిండా పేళ్లు! ఇప్పుడే చెక్కినట్టు, తాజా కట్టె వాసనతో. రెండు మణికట్ల మధ్య లైటరు నొక్కింది. భగ్గున అంటుకుంది.

వెలుగులో చూస్తే ఎవరూ లేరు. మూలనుంచి గుసగుస మాత్రం వచ్చింది.

"పడుకో అమ్మాయ్... నాకింకా పనుంది. నీ వెనకాల ఎవరో వస్తున్నారు..."

సర్ర్... సర్ర్...

తెల్లవారేసరికి చేతుల్లోకి ప్రాణమొచ్చింది. కత్తి తీసుకుని కూర్చుంది. బయట ఒక బండి దాటిపోయింది. రెండోదీ దాటింది. కుక్కలు గోలగోల పెట్టాయి. వెర్నా తలెత్తలేదు. పొయ్యి నిండా పేర్చి, దోసెడు పైన పెట్టి, అప్పుడు లేచింది.

పందెం ముగిసే ఊళ్లో, ఆఖరి బండి వచ్చేదాకా ఆర్పకుండా ఉంచే లాంతరు కింద నిలబడి, వెనకాల మిగిలిన ఎడ్గర్ కోసం ఎదురుచూసింది. మర్నాడు సాయంత్రం వచ్చాడు, మీసాల నిండా మంచుతో.

"అక్కా! నువ్వు పేర్చిన పేళ్లే నన్ను బతికించాయి. నేనూ నీళ్లలో పడ్డాను."

వెర్నా గొంతు తగ్గించింది. "రాత్రి... చెక్కుతున్న చప్పుడేమైనా వినిపించిందా?"

"చెక్కడమా? ఒట్టి గురకే."

"నీదా?"

"నాది కాదక్కా. మంచం మీద ముసలాయనది. ఒళ్లో కత్తి అలాగే పెట్టుకుని... ఎన్నాళ్లయిందో పడుకుని! పాపం, లేపలేదు. పొద్దున వచ్చేటప్పుడు పేళ్లు కూడా మెల్లగా, చప్పుడు కాకుండా చెక్కి పెట్టొచ్చాను."